దిబ్బల పక్క ఇల్లు

ఒక అరబ్బు దీవి మీది కర్జకాన్ అనే ఊళ్ళో మేం అద్దెకు దిగిన మేడగదికి రెండు వైపులా కిటికీలుండేవి. పడమటి కిటికీలోంచి ఖర్జూరపు తోటలు, వాటి వెనక సన్నగా సముద్రం కనిపించేవి. తూర్పు కిటికీలోంచి దిబ్బలు కనిపించేవి. సామాను దించిన రోజు వాటిని చూసి, ఎక్కడో రోడ్డు వేసి మిగిలిన కంకరా మట్టీ తెచ్చి ఇక్కడ కుప్పలు పోశారనుకున్నాను. కంచె అవతల కనుచూపు మేర అవే. కొన్ని మనిషెత్తు, కొన్ని నడుమెత్తు. వాటి మీద గడ్డి లేదు, ఓ మొక్క లేదు. పాలిపోయిన మట్టి, అందులోంచి తొంగిచూసే రాళ్ళు.

"ఇంత మట్టి ఎవరు పోశారు హజ్జియా?" అని ఇంటావిడను అడిగాను.

హజ్ చేసి వచ్చిన పెద్దావిడను అక్కడ హజ్జియా అంటారు. ఊరంతా ఆవిడను అలాగే పిలిచేవారు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. డెబ్భై దాటిన మనిషి. బళ్ళో టీచరుగా చేసే కూతురితో కింద ఉండేది. మేడ ఖాళీగా ఉందని మాకిచ్చింది.

నా ప్రశ్నకు ఆవిడ నవ్వింది. "పోసినవాళ్ళు ఇప్పుడు లేరు బింతీ. అవి సమాధులు. అవ్వలీన్‌వి."

బింతీ అంటే నా కూతురా అని. అవ్వలీన్ అంటే మొదటివాళ్ళు. ఇస్లాం రాకముందు, క్రీస్తు పుట్టకముందు, నాలుగు వేల ఏళ్ళ నాడు ఈ దీవి మీద బతికి పోయినవాళ్ళు. వాళ్ళ ఊళ్ళు ఎక్కడో ఇసుకలో కలిసిపోయాయి, సమాధులు మాత్రం మిగిలాయి. ఊళ్ళో పాత ఇళ్ళ పునాదుల్లో కూడా ఆ రాళ్ళే ఉన్నాయని చెప్పింది. వాళ్ళ నాన్నగారి కాలంలో గోడ కట్టాలంటే గాడిదను తోలుకుని అక్కడికే వెళ్ళేవారట. "మా గోడలోనూ ఉన్నాయి. అప్పట్లో అది తప్పని ఎవరికీ తెలియదు" అంది.

దిబ్బలకు అవతలి పక్కన హమద్ టౌన్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నేను నర్సుని. నా అరబ్బీ అంతా అక్కడ నేర్చుకున్నదే. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఊపిరి గట్టిగా పీల్చు అనే మాటలతో మొదలై, హజ్జియాతో కబుర్లు చెప్పుకునేదాకా వచ్చింది. మా ఆయన సిత్రాలో ఆయిల్ ట్యాంకుల మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కేవారు, చీకటి పడే వేళకు ఒళ్ళంతా నూనె వాసనతో తిరిగి వచ్చేవారు. దిబ్బల సంగతి చెబితే, "పోనీలే, అల్లరి చేయని ఇరుగుపొరుగు" అని నవ్వేశారు.

మాకు పెళ్ళయి చాలాకాలమైంది. పిల్లల కోసం తిరగని ఆసుపత్రి లేదు, చేయించని ప్రార్థన లేదు. ఇక ఆ మాట ఎత్తడం కూడా మానేసిన వయసులో, కర్జకాన్ వచ్చిన మొదటి ఏడాది, వేసవి వేడి తగ్గి గాలి కాస్త చల్లబడే రోజుల్లో నాకు నెల తప్పింది. నేను నర్సుని కదా, నా పరీక్ష నేనే చేసుకున్నాను. అయినా నమ్మకం చాలక, డాక్టరమ్మ తలుపు తట్టి ఆ గీతలు చూపించాను. ఆవిడ నా రెండు చెంపలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పినప్పుడు బూట్లు విప్పుకుంటున్నారు. ఒక బూటు కాలికే ఉండిపోయింది.

డాక్టరమ్మ రోజూ కాస్త నడవమంది. ఆ బాధ్యత హజ్జియా తన మీద వేసుకుంది. నేను డ్యూటీ నుంచి రాగానే, "యల్లా బింతీ" అని నల్ల అబాయా తొడుక్కుని మెట్ల దగ్గర నిలబడేది. కంచె పక్కనే ఒక మట్టి బాట ఉండేది. ఆవిడ నా చెయ్యి పట్టుకునేది. పడతానని ఆవిడకు భయం, ఆవిడ పడుతుందని నాకు భయం. నడుస్తూ తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. అప్పట్లో ఈ ఊరి తోటల్లో నీటి ఊటలుండేవట. ఆడవాళ్ళు అక్కడే బట్టలుతుక్కుని, తలంటుకుని వచ్చేవారట. ఇప్పుడు ఊటలు ఎండిపోయాయి, తోటలు సగం మోడులయ్యాయి.

"అప్పుడు ఈ దిబ్బలంటే భయం వేసేది కాదా?" అని అడిగాను.

"భయం ఎందుకు? దాగుడుమూతలు ఆడుకునేవాళ్ళం. వాళ్ళు మాకు తాతల తాతలు."

నా కాన్పు కోసమని ఆవిడ రషాద్ గింజలు తెచ్చి డబ్బాలో పోసి పెట్టింది. అక్కడ బాలింతలకు వాటితో జావ కాచి ఇస్తారు. మా అమ్మ, మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో సెలవుకు వెళ్ళి వస్తున్న ఒక సిస్టర్ చేత ఇంట్లో చేసిన బాలింత కాయం పంపింది. రెండు డబ్బాలూ వంటింటి అలమరలో పక్కపక్కన పెట్టాను. రోజూ మూతలు తీసి వాసన చూసేదాన్ని.

ఆ శీతాకాలంలో కంచె లోపల తవ్వకాలు మొదలయ్యాయి. ఒక దిబ్బను సగానికి కోసి, చుట్టూ తాళ్ళు కట్టి, బ్రష్షులతో మట్టి దులుపుతుండేవారు. ఇద్దరు ముగ్గురు విదేశీయులు టోపీలు పెట్టుకుని కాగితాల మీద బొమ్మలు గీసుకునేవారు. మట్టి మోసేవాళ్ళలో ఎక్కువమంది మన దేశంవాళ్ళే. ఓ రోజు నేను హజ్జియా పక్కన నడుస్తూ ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే, తట్ట దించి ఒకాయన కంచె దగ్గరకు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. తలకు తువ్వాలు.

"మనోళ్ళేనా? ఏ ఊరు చెల్లె మీది?"

చెప్పాను. తనది జగిత్యాల దిక్కు అన్నాడు. దుబాయికి వచ్చి చానా ఏండ్లయిందని, ఇంతకుముందు బిల్డింగు పనులు చేసేవాడినని, ఈ పని బాగుందని చెప్పాడు. ఇది దుబాయి కాదు కదా అని నేను అనలేదు. వాళ్ళకు సముద్రం దాటితే అంతా దుబాయే.

"లోపల ఏముంటుందన్నా?" అని అడిగాను.

"ఏముంటది చెల్లె, రాళ్ళ గూడు ఉంటది. అండ్ల మనిషి పండుకున్నట్టు ఉంటడు. పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుసుకొని, చేతులు మొకం కాడ పెట్టుకొని. సలిపెడితె మనం పండుకోమా, గట్ల. పక్కన కుండ ఒకటి, మ్యాక బొక్క ఒకటి. తొవ్వల తిననీకె పెట్టిండ్రట."

బొక్కంటే వాళ్ళ వైపు ఎముక, తొవ్వంటే దారి. కోసిన దిబ్బ చుట్టూ గుండ్రంగా రాళ్ళ గోడ కనిపిస్తోంది. ఆ గోడకు బయట, దాన్ని ఆనుకుని, అరచందమామలా ఇంకో చిన్న గోడ ఉంది. మధ్యలో మూరెడు గుంత.

"మరి ఆ చిన్నదేమిటి?"

ఆయన అటు చూశాడు, హజ్జియా వైపు చూశాడు, తర్వాత నా పొట్ట వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"గదా? అది ఉత్తదే చెల్లె. ఖాళీ. పొద్దుగూకుతున్నది, ఇంటికి పోండ్రి. సల్లగాలి నీకు మంచిది గాదు."

అప్పటికి ఆ మాట నమ్మాను. తిరిగి వస్తుంటే పాప లోపల తన్నింది. హజ్జియా చెయ్యి తీసి నా పొట్ట మీద పెట్టాను. ఆవిడ బాట మధ్యలో ఆగిపోయి కళ్ళు మూసుకుంది.

మల్లెలు మొదలయ్యే రోజుల్లో, ఇంకా రెండు నెలలకు పైగా గడువు ఉండగా, క్లినిక్‌లో ఒక ముసలాయనకు బీపీ చూస్తూ చూస్తూ నేను కింద కూర్చుండిపోయాను. సల్మానియాలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ చేయాల్సిందంతా చేశారు. నేను ఆ పనిలో ఉన్నదాన్ని, నాకు తెలుసు. పాప పుట్టింది. నా అరచెయ్యికీ మోచేతికీ మధ్య సరిపోయేంత పాప. గాజుపెట్టెలో పెట్టి ముక్కుకు గొట్టం, కాలికి తీగ తగిలించారు. ఆ పెట్టెల మధ్య పనిచేసే నర్సులు నా పక్కన నిలబడి, ఆ అంకెల అర్థం నాకు చెప్పాల్సిన అవసరం లేదని తెలిసి, నా భుజం మీద చెయ్యి వేసేవారు.

పాప కళ్ళు మూసుకునే ఉండేది. నేను వేలు పెడితే పట్టుకునేది. ఆ పట్టులో ఎంత బలముందో ఇప్పటికీ నా వేలికి తెలుసు. పాలు పిండి ఇవ్వమనేవారు. పక్కగదిలో కూర్చుని ఎంత ప్రయత్నించినా సీసా అడుగు తడిసేది కాదు. మా ఆయన డ్యూటీ దిగి సిత్రా నుంచి నేరుగా అక్కడికే వచ్చేవారు. చేతులు మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కునేవారు. అయినా నూనె వాసన పోలేదేమోనని పెట్టెకు కాస్త దూరంగా నిలబడేవారు.

రెండు వారాలు నిండకుండానే ఒక ఉదయం పాప పోయింది.

అత్తయ్య ఫోన్లో ఏడుస్తూ, "ఇక్కడికి తీసుకురండ్రా, మీ నాన్న పక్కన పెడదాం" అంది. మా ఆయన చాలాసేపు విని, "అంత పిల్లని సామానులా విమానంలో వేయలేనమ్మా. ఇక్కడే పెడతాను" అని ఫోన్ పెట్టేశారు. నన్ను అడగలేదు. అడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.

క్రైస్తవుల సమాధుల తోటలో గొయ్యి తీశారు. తెల్లపెట్టెను మా ఆయన కారులో తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాస్టరుగారు, ఫెలోషిప్‌వాళ్ళు పదిమంది దాకా వచ్చారు. ఎండ అప్పుడే ముదురుతోంది. పాట ఎత్తుకున్నారు. పాపకు ఒక పక్కన ఎవరో గోవా పెద్దాయన, మరో పక్కన ఇంకా ఎవరూ లేరు. మట్టి వేస్తుంటే, రాత్రికి ఈ ఖాళీ వైపు నుంచి గాలి తగులుతుందేమోనన్న పిచ్చి ఆలోచన ఒక్కటే నా బుర్రలో తిరిగింది.

ఇంటికి వచ్చిన సాయంత్రం నాకు పాలు పొంగాయి. అన్నాళ్ళు చుక్క రానివి జాకెట్టు తడిసి, చీర తడిసి, ఆగకుండా కారాయి. నొప్పికి కూర్చోలేను, పడుకోలేను. హజ్జియా మేడెక్కి వచ్చి చూసింది. మా ఊళ్ళో అయితే పాలు ఆగడానికి మల్లెపూలు గుండెలకు కట్టుకుంటారని ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ కిందికి వెళ్ళింది. వాళ్ళ వాకిట్లో ఒక పెద్ద మల్లెపొద ఉండేది. రాజ్‌గీ అంటారు వాళ్ళు, ఆ పూలంటే ఆ ఊరి ఆడవాళ్ళకు ప్రాణం. అబాయా చెంగులో పట్టినన్ని తెచ్చి, పాత మెత్తటి గుడ్డలో మూటలుగా చుట్టి, తనే నా గుండెలకు కట్టింది. పాలు ఆగేదాకా రోజూ తెల్లారేసరికి అలాగే తెచ్చింది. ఆ వారమంతా పొద మీద ఒక్క పువ్వు మిగల్లేదు.

ఫెలోషిప్ సిస్టర్లు వచ్చి, "ఏడవకండి సిస్టర్, పాప ప్రభువు ఒడిలో ఉంది" అన్నారు. అమ్మ ఫోన్లో, "పచ్చి బాలింతవి, ఏడవకూడదే తల్లీ" అంది. అందరూ నా మంచికే చెప్పారు. నేను అందరికీ సరేనన్నాను. ఏడుపు లోపలే గడ్డకట్టుకుపోయింది.

అప్పుడు హజ్జియా నన్ను కిందికి రమ్మంది. ముందు గదిలో గోడల వెంబడి ఊరి ఆడవాళ్ళు నల్ల అబాయాల్లో కూర్చుని ఉన్నారు. చాలామంది నాకు తెలియదు. క్లినిక్‌లో చూసిన ముఖాలు ఒకటి రెండు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. హజ్జియా నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుంది. ఒక ముసలమ్మ సన్నని గొంతుతో ఏదో పాడడం మొదలుపెట్టింది. అందులో పసిపిల్ల, దాహం అనే మాటలు మాత్రమే నాకు అర్థమయ్యాయి. మిగతావాళ్ళు అరచేతుల్తో మెల్లగా గుండెల మీద తట్టుకుంటూ ఏడ్చారు. ఏటా ముహర్రంలో కలిసి కూర్చుని ఏడ్చే ఇళ్ళు అవి. ఏడుపుకు అక్కడ చోటుంది, పద్ధతి ఉంది.

"ఏడు బింతీ," అంది హజ్జియా నా తల తన ఒళ్ళోకి లాక్కుని. "ఇక్కడ ఏడవచ్చు."

అంత బిగ్గరగా నేనెప్పుడూ ఏడవలేదు. మా ఆయన మెట్ల మీద నిలబడి విన్నారని తర్వాత తెలిసింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయారు. "ఇంట్లో కూర్చుంటే నా వల్ల కాదు" అన్నారు. ఆ రోజు నుంచి పాప మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకు నేను ఒక్కదాన్నే కంచె దాకా నడిచాను. తవ్వకాలు ఆ ఏటికి అయిపోయాయి. విదేశీయులు వెళ్ళిపోయారు. జగిత్యాల అన్నా, ఇంకో ఇద్దరూ కోసిన దిబ్బ మీద మళ్ళీ మట్టి కప్పుతున్నారు. వానకు, ఎండకు పాడవకుండా అలా కప్పిపెడతారట. నన్ను చూసి ఆయన పార ఆపాడు. నా పొట్ట చూశాడు, చేతులు చూశాడు.

"ఎన్నడు చెల్లె?" అన్నాడు.

చెప్పాను.

"ఆడపిల్లనా?"

"పాప."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఆ చిన్న గోడ వైపు చూపించి, "అది ఖాళీ కాదు కదన్నా?" అన్నాను.

"కాదు చెల్లె. కడుపుతోని ఉన్నవని ఆనాడు అట్లన్న. పిల్లగాండ్లయి గవన్ని. పెద్దోళ్ళు పోయి ఎన్నాళ్ళకో ఇంట్ల పిల్ల పోతె, ఇగో ఇట్ల, ఆ పెద్దోళ్ళ గోడకు ఆనిచ్చి కట్టెటోళ్ళట. ఒక్కతి ఉండొద్దని అనుకున్నరో ఏమో. గండ్ల చిన్న గవ్వ ఒకటి దొరికింది. బొక్కలు మాత్రం నిలువలే. పసిబొక్కలు కదా."

నాకు మా పాప పక్కనున్న గోవా పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనెవరో, ఎలా పోయాడో, పిల్లలంటే ఇష్టమో కాదో నాకు తెలియదు. నాలుగు వేల ఏళ్ళ నాడు కూడా ఒక తల్లి, పిల్లను ఎవరి పక్కన పెట్టాలా అని ఈ దిబ్బల మధ్య తిరిగి ఉంటుంది. ఆమెకు తన మామగారో, తల్లో దొరికారు. మాకు ఎవరూ లేరు.

అన్న తనవాళ్ళకు హిందీలో ఏదో చెప్పాడు. వాళ్ళు పారలతో పెద్ద గుంత నింపడానికి అటు జరిగారు. ఆయన మాత్రం పార పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చిన్న గుంతలో మట్టిని దోసిళ్ళతో పోశాడు. రాళ్ళుంటే ఏరి అవతల పెట్టాడు. నిండాక అరచేత్తో పైన సరిచేశాడు. నేను కంచె పట్టుకుని అది పూర్తయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత ఆయన్ని నేను చూడలేదు. వేరే సైటుకు పంపారని విన్నాను.

ఒక శుక్రవారం, అక్కడ సెలవు రోజది, మేం ఆరాధన నుంచి వచ్చాక అత్తయ్య ఫోన్ చేసింది. "సమాధుల పక్కన కాపురం ఏమిట్రా? ఎవరైనా చేసే పనేనా? ముందే చెప్పుంటే అక్కడ దిగనిచ్చేదాన్నా?" అంటూ చాలాసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టాక మా ఆయన తూర్పు కిటికీ తలుపులు వేసి, అక్కడే నిలబడ్డారు.

"ఇల్లు మారదాం," అన్నారు.

"మీరూ నమ్ముతున్నారా ఇదంతా?"

"లేదు."

"మరి?"

"ఇదివరకు ఈ కిటికీలోంచి చూస్తే పెద్దవే కనపడేవి. ఇప్పుడు ఎటు చూసినా నువ్వు చెప్పిన ఆ చిన్నవే కనపడుతున్నాయి. గోడలో కూడా ఆ రాళ్ళే అంది కదా ఆవిడ. నాకు నిద్ర పట్టడం లేదే."

నాకు వెళ్ళాలని లేదు. నాతో పాటు ఏడ్చినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. కానీ ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను.

హజ్జియాకు నేనే చెప్పాను. ఏదో వంక చెబుదామనుకుని, ఆవిడ ముందు కూర్చున్నాక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడకు కోపం రాలేదు. "మా అమ్మ ఈ దిబ్బల పక్కనే ఎనిమిదిమందిని కంది. కొందరు బతికారు, కొందరు పోయారు. ఆ పడుకున్నవాళ్ళకు ఏం తెలుసు పాపం. కానీ మగవాళ్ళకు ఏడవడం రాదు బింతీ, వాళ్ళు ఇళ్ళు మారుస్తారు. వెళ్ళు" అంది. రషాద్ గింజల డబ్బా తిరిగి ఇచ్చేస్తే తీసుకుంది. కాయం డబ్బా ఏం చేశానో నాకు గుర్తులేదు.

సిత్రా వైపు ఒక ఫ్లాటులోకి మారాం. కిటికీ తీస్తే ట్యాంకులూ, రోడ్డూ. నేను వేరే క్లినిక్‌లో చేరాను. రోజులు గడిచాయి. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఇద్దరం మంచిగానే ఉండేవాళ్ళం. కూరల గురించి, డ్యూటీల గురించి, ఊళ్ళో పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. అప్పుడప్పుడూ శుక్రవారం నేను సమాధుల తోటకు వెళ్తానంటే కాదనకుండా పాత కారులో తీసుకెళ్ళేవారు. తను మాత్రం గేటు బయటే కారులో కూర్చునేవారు. నేను వచ్చేసరికి రేడియో వింటూ ఉండేవారు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎక్కడో ఆగి టీ తాగేవాళ్ళం.

ఆ తర్వాత కాంట్రాక్టరు పని ముగిసింది. ఇక ఖలాస్ అన్నారు. మా ఆయన వయసుకు మరోచోట వెతుక్కునే ఓపిక లేక, ఊరికి వెళ్ళిపోదామనుకున్నాం. వెళ్ళేముందు హజ్జియాను చూడాలన్నాను. ఈసారి ఆయన గేటు బయట ఉండిపోకుండా, "పద, నేనూ వస్తాను" అన్నారు.

కూతురు తలుపు తీసింది. "అమ్మకు ఈమధ్య ఏదీ గుర్తుండడం లేదు. మిమ్మల్ని పోల్చకపోతే ఏమీ అనుకోకండి" అని మెల్లగా చెప్పింది.

హజ్జియా బాగా చిక్కిపోయింది. పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "పై ఇంటి అమ్మాయివి" అంది. నా చెయ్యి పట్టుకుంది. కూతురు ఆశ్చర్యపోయింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆవిడ నా వెనక్కి తొంగిచూసి, "పాప ఏదీ? తీసుకురాలేదా?" అంది.

కూతురు గాభరాగా, "యుమ్మా..." అని ఏదో చెప్పబోయింది. ఎందుకో నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"బడికెళ్ళింది హజ్జియా."

"అప్పుడే బడికా! మాషా అల్లా. మొన్ననే కదా ఇక్కడ తన్నింది," అని తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఎవరి పోలిక?"

మా ఆయనకు వచ్చిన అరబ్బీ అంతా సిత్రాలో నేర్చుకున్నది. ఎత్తు, దించు, ఆపు, జాగ్రత్త. ఆ మాటలకే ఇంకో నాలుగు తడుముకుంటూ జోడించి, ఆయన ముందుకు వంగి చెప్పారు.

"ముఖం అంతా వాళ్ళమ్మ. కళ్ళు మాత్రం మా అమ్మవి. పెద్దవి. నల్లగా ఉంటాయి."

"అల్లరి చేస్తుందా?"

"చాలా. ఒక్కచోట కూర్చోదు."

హజ్జియా నవ్వింది. ఈసారి తప్పకుండా తీసుకురమ్మంది. కూతురు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మేం టీ తాగి, ఆవిడ చేతులు ముద్దు పెట్టుకుని బయటికి వచ్చాం.

కారులో కూర్చున్నాక ఆయన తాళం తిప్పలేదు. అద్దంలోంచి ఎదురుగా దిబ్బలు కనిపిస్తున్నాయి.

"కళ్ళు పెద్దవని మీకెలా తెలుసు?" అన్నాను.

"ఒకసారి తెరిచింది. నువ్వు పక్కగదిలో పాలు పిండుతున్నావు. నర్సు పిలిచి చూపించింది. నన్నే చూసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు లేనప్పుడు తెరిచిందని నీకెలా చెప్పను?"

అని స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఇన్నేళ్ళలో అదే మొదలు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. హజ్జియా నాతో అన్న మాటే ఆయనతో అందామనుకున్నాను గానీ, అనాల్సిన అవసరం రాలేదు.

ఆ వారమే వచ్చేశాం. ఇప్పుడు తణుకు దగ్గర ఉంటున్నాం. ఆయన ఒక వర్క్‌షాపులో పని చూసుకుంటున్నారు, నేను ఇంటి దగ్గరే నర్సింగ్ హోమ్‌లో చేరాను. ఇక్కడివాళ్ళకు మాకు పిల్లల్లేరనే తెలుసు. హజ్జియా కూతురు మాత్రం అప్పుడప్పుడూ ఫోన్లో రాసేది. అమ్మ మీ పాప గురించి అడుగుతోంది, బాగా చదువుతోందని చెప్పాను, క్షమించండి అని. ఫరవాలేదు, మూడో తరగతికి వచ్చిందని చెప్పండి అని నేను జవాబు రాసేదాన్ని. అది రాసేటప్పుడు ఆయన పక్కన నిలబడి, "లెక్కలు బాగా చేస్తుందని కూడా రాయి" అనేవారు.

పోయిన చలికాలంలో హజ్జియా పోయింది. ఊరి మసీదు పక్క శ్మశానంలో పెట్టారట. కూతురు రాసింది చదివి వినిపిస్తే ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టి, వాకిట్లోకి వెళ్ళారు. మా పాప బడికి వెళ్తోందని నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే ఉండేది. తిరిగి వచ్చాక ఆయన, "ఇక ఎవరూ అడగరు కదే" అన్నారు.

అడగరు. నేను లేచి దీపం వేసి, అన్నం పెట్టాను.